పచ్చికుండ, నాయనమ్మ భుజం

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం నా వాట్సాప్ స్టేటస్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చేతుల నిండా మట్టి, మొహం నిండా నవ్వు, మధ్యలో ఒక కుండ. కుండ అనడం పెద్దమాటే లెండి. ఒకవైపుకి ఒరిగిపోయిన ముంత. కింద క్యాప్షన్ మాత్రం ఘనంగా పెట్టాను: 'నా చేతులతో నేనే చేశా!'

రాత్రికి 60 మంది చూశారు. గుడ్ మార్నింగ్‌కి కూడా బదులివ్వని మా టీమ్ లీడ్ చప్పట్ల ఎమోజీ పంపాడు. ఇంట్లో చూపించడానికి మాత్రం నాయనమ్మ ఒక్కతే ఉంది. మంచం మీద కూర్చుని కుడి భుజానికి నొప్పి బామ్ రాసుకుంటోంది. ఫోన్ ఎందుకని, ఏకంగా కుండే తీసుకెళ్లి చేతిలో పెట్టాను.

అటు తిప్పింది, ఇటు తిప్పింది. అంచు మీద గోటితో చిన్నగా కొట్టి విన్నది.

"నువ్వే చేసినవా?"

"నేనే నాయనమ్మా."

"నీళ్లు పోస్తె ఆగుతయా?"

అక్కడ దొరికిపోయాను. ఆగవు. అది కాల్చని కుండ. పచ్చికుండ. నీళ్లు పోస్తే కాసేపటికి మళ్లీ మట్టిముద్దే. నాయనమ్మ ఇంకేం అనలేదు. కుండని జాగ్రత్తగా కిటికీలో పెట్టి, మళ్లీ బామ్ డబ్బా అందుకుంది.

ఈ వారం కబుర్లు ఆ కుండ గురించీ, ఆ భుజం గురించీ. రెండింటికీ సంబంధం ఉందని ఆ రోజు నాకూ తెలీదు.

ప్యారడైజ్‌లో ఎక్కి పల్లెలో దిగి

మా ఇల్లు రాంగోపాల్‌పేట్‌లో. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. అక్కడ బ్లూ లైన్ ఎక్కితే రైలు మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. వారంలో ఐదు రోజులు ఆఫీసుకి అదే దారి. ఆ ఆదివారం మాత్రం అదే స్టేషన్‌లో దిగి శిల్పారామానికి నడిచాను. రీల్స్ చూసీ చూసీ నాకూ ఒక కోరిక పుట్టింది. ఏదో ఒకటి చేత్తో చెయ్యాలి. రోజంతా కీబోర్డ్ కొట్టే ఈ వేళ్లకి ఇంకేదైనా వచ్చో రాదో చూడాలి.

శిల్పారామం 1992లో మొదలైంది. చుట్టూ అద్దాల బిల్డింగులు లేచాయి గానీ, లోపల మాత్రం చెట్లూ చేతిపనుల అంగళ్లూ అలాగే ఉన్నాయి. అందులో ఒక పల్లె మ్యూజియం ఉంది. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు తీసుకెళ్తే మీరూ చూసే ఉంటారు. మట్టి గోడలు, గడ్డి కప్పులు, లోపల మనిషంత బొమ్మలు. సారె ముందు కుమ్మరి, మగ్గం ముందు నేతగాడు. పిల్లలు ఆ బొమ్మల పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటారు. నేనూ అన్ని గుడిసెలూ ఫోటోలు తీసుకున్నాను. బొమ్మలు బాగుంటాయి. ఒకటే లోటు, వాటికి చెమట పట్టదు.

బొమ్మల దగ్గర్నుంచి కొంచెం ముందుకెళ్తే నిజం మనిషి, నిజం సారె. డబ్బు కట్టి ఆ అన్న ముందు కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో నాకు అర్థమైంది ఏంటంటే, కుండ చెయ్యడంలో కష్టం కుండ కాదు, దానికి ముందు పని. మట్టిముద్ద సారెకి సరిగ్గా నడిమధ్యలో కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకి ఉన్నా తిరిగే కొద్దీ ఊగుతుంది, ఊగే కొద్దీ చేతుల్ని తోసేస్తుంది. నేను గట్టిగా పట్టుకుంటే అది ఇంకా గట్టిగా తోసింది.

"బలం గాదు మేడం, నిమ్మళం" అన్నాడు అన్న.

ఆ ఒక్క మాటకి నేను కట్టిన డబ్బు మొత్తం చెల్లిపోయింది. కానీ మాట అర్థమైనంత మాత్రాన చేతికి రాదు కదా. రెండుసార్లు గోడ కూలిపోయింది. మూడోసారి నా వేళ్ల మీద ఆయన వేళ్లు పెట్టాడు. బొటనవేళ్లు లోపలికి దిగాయి, మట్టి పైకి లేచింది, మూతి తెరుచుకుంది. చివర్లో దారంతో అడుగు కోసి చేతిలో పెట్టాడు. 'నేనే చేశా' అని స్టేటస్ పెట్టానే, అందులో నిజం ఎంతో ఇప్పుడు చెప్తున్నా: గోడలు లేపింది ఆయన. నేను చేసింది మట్టి పూసుకోవడం, ఫోటో దిగడం.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు పెద్దవాళ్లు. ఏడాది కష్టం ఒక్క దెబ్బకి పోతుందని. నా విషయంలో ఏడాది కూడా లేదు, రెండు గంటలే. దెబ్బ మాత్రం నాయనమ్మ కొట్టింది.

ముట్టుకోనిచ్చే మ్యూజియం

మ్యూజియం అనగానే మనకి గుర్తొచ్చేది 'ముట్టుకోరాదు' బోర్డు. వస్తువు అద్దం లోపల, మనం బయట. దీనికి పూర్తి రివర్స్‌లో ఆలోచించినవాళ్లు ఉన్నారు. స్వీడన్‌లో ఆర్థర్ హజీలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోమ్‌లో స్కాన్‌సెన్ పేరుతో ఒక మ్యూజియం తెరిచాడు. పల్లెల్లోని పాత ఇళ్లని విప్పి, మోసుకొచ్చి, ఆరుబయట మళ్లీ నిలబెట్టి, అందులో పనిచేసే మనుషుల్ని కూడా పెట్టాడు. ఫ్యాక్టరీలు వచ్చి చేతిపనులు పోతున్న కాలం అది. వస్తువుని దాచిపెడితే చాలదు, అది ఎలా చేస్తారో కళ్ల ముందు జరుగుతుండాలి అనేది ఆయన పట్టుదల. ఈ రోజు 'లివింగ్ మ్యూజియం' అని మనం అనేదానికి అది పెద్దన్న లాంటిది.

అంత దూరం ఎందుకు, చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లని తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. కుండలు, బుట్టలు, నేత, వచ్చినవాళ్లు చూడొచ్చు, కొన్ని చేసి కూడా చూడొచ్చు. అక్కడి ఇళ్లలో ఒకటి మన నల్లగొండ నేతగాడి ఇల్లు. చిటికి అద్దకం పనిచేసే ఇల్లు. తమిళనాడు సముద్రం పక్కన తెలంగాణ మగ్గం!

ఇదంతా నేను కుండ తెచ్చిన రాత్రి ఫోన్‌లో చదువుకుంటున్నాను. పక్క మంచం మీద నాయనమ్మ. "ఇంకేమేం చూసినవ్?" అని అడిగితే శిల్పారామం ఫోటోలు ఒక్కొక్కటీ జరిపి చూపించాను. మగ్గం బొమ్మ దగ్గర ఆగమంది. రెండు వేళ్లతో జూమ్ చెయ్యడం ఆమెకి బాగా వచ్చు. పెద్దది చేసి చూసింది.

"మగ్గం మంచిగనే పెట్టిండ్రు. మరి ఆసు ఏది?"

"ఆసు ఏంటి?"

నా వైపు అదోలా చూసింది. కోపం కాదు. ఏదో లెక్క వేసుకున్నట్టు. "ఏం లేదు, పండుకో" అని లైట్ ఆపేసింది.

మా పేట పేరు, మా తాత పని

నాయనమ్మ పుట్టిల్లు పోచంపల్లి దగ్గర అని నాకు తెలుసు. నేతపని చేసే కుటుంబమనీ తెలుసు. అంతే. మా ఇంట్లో ఆ సంగతులు ఎవరూ మాట్లాడరు. తాత మగ్గం వదిలేసి సికింద్రాబాద్ వచ్చి బట్టల మిల్లులో చేరాడు. ఆ మిల్లు కథ, మా పేట కథ ఒకటే.

ఎంజీ రోడ్డు మీదుగా వెళ్తుంటే రాంగోపాల్‌పేట్ పోలీస్ స్టేషన్ అని మనం పిలుచుకునే పాత భవనం, దాని మీద గడియారం కనిపిస్తాయి. జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ అంటే పెద్దవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. అది కట్టించింది దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్. మా పేటకి పేరు ఆయనదే. లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఉండే డీబీఆర్ మిల్స్‌కీ ఆయన పేరే. డీబీఆర్ అంటే దివాన్ బహదూర్ రాంగోపాల్. తాత పనిచేసింది అందులోనే.

ఇందులో ఒక తమాషా ఉంది. చేతి మగ్గం మీద బతకలేమని తాత మిల్లుకి వచ్చాడు. భవిష్యత్తు మిల్లుదే అన్నారు అందరూ. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. తాతా లేడు. ఆయన వదిలొచ్చిన పోచంపల్లిలో మాత్రం మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసు లంచ్ టైమ్‌లో 'ఆసు' అని వెతికాను. మొదట వచ్చింది ఒక సినిమా. 'మల్లేశం', 2019. అరె, ఇది ఇంట్లో అందరం కలిసి ఓటీటీలో చూశాం కదా! అప్పుడే గుర్తొచ్చింది. ఆ సినిమా మధ్యలో నాయనమ్మ లేచి లోపలికెళ్లి పడుకుంది. "నిద్రొస్తుందేమోలే" అనుకుని మేం సౌండ్ తగ్గించి చూశాం.

ఆమె లేచింది ఏ సీన్ దగ్గరో ఇప్పుడు నాకు తెలుసు.

9,000 సార్లు

చిటికి చీర సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలుగా బట్ట నేసి రంగులు అద్దుతారు. చిటికిలో, అంటే ఇకత్‌లో, నేయక ముందే దారానికి రంగులు పడతాయి. డిజైన్ ప్రకారం దారం మీద ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబుల్ని సన్నగా కోసి వాడతారు ఈ పనికి. రంగులో ముంచుతారు, విప్పుతారు, వేరే చోట కడతారు, ఇంకో రంగులో ముంచుతారు. ఇలా ముక్కలు ముక్కలుగా రంగులు పడిన దారాన్ని మగ్గం మీద నేస్తే, దారాలు పక్కపక్కన చేరి పువ్వో ఏనుగో తేలుతుంది. ఆ అంచులు కొంచెం అలుక్కున్నట్టు ఉండేది అందుకే.

ఇంత లెక్కగా కట్టాలంటే ముందు పేక దారాన్ని లెక్కగా పరచుకోవాలి. ఆ పనే ఆసు పోయడం. సగం చక్రంలా వరసగా పుల్లలు, మధ్యలో ఒక మేకు. దారాన్ని మధ్య నుంచి పుల్లకి, పుల్ల నుంచి మళ్లీ మధ్యకి తిప్పాలి. ఒక్కో పుల్లకి ఇన్ని చుట్లు అని లెక్క. తప్పకూడదు, తెగకూడదు, వదులు కాకూడదు. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఆడవాళ్లే చేసేవాళ్లు.

ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి కూడా ఆసు పోసేవారు. అమ్మ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆ కొడుకు ఆసు పోసే మెషీన్ చేద్దామని కూర్చున్నాడు. 1992లో మొదలుపెడితే 1999కి గానీ పూర్తి కాలేదు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

1999. నాయనమ్మ అప్పటికి ఎప్పుడో ఆసు మానేసి రాంగోపాల్‌పేట్ వచ్చేసింది. భుజం మాత్రం తనతోపాటే తెచ్చుకుంది.

నేనూ పోశాను

తర్వాతి ఆదివారం "పోచంపల్లి పోదాం, వస్తావా?" అని అడిగాను. "నేనెందుకే? నాకు తెల్వందా?" అంది. సరే అని ఒక్కదాన్నే బస్సెక్కాను.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు ఇది. భూదానోద్యమం అక్కడే మొదలైంది, అందుకే భూదాన్ పోచంపల్లి. ఊళ్లో మామూలుగా వీధుల్లో నడుస్తుంటే చాలు, ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంటుంది. నాకు అనిపించింది ఒక్కటే. శిల్పారామంలో పల్లెని చూపించడానికి గుడిసెలు కట్టాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరూ ఏమీ చూపించట్లేదు, పని చేసుకుంటున్నారు.

తెలిసినవాళ్ల ద్వారా ముందే మాట్లాడుకున్న ఒక ఇంటికి వెళ్లాను. అక్క వయసు నలభై పైనే. వచ్చినవాళ్లకి పని చూపించి నేర్పిస్తుంది. గోడవారగా పాత ఆసు చట్రం. పక్క గదిలో కరెంటు ఆసు మెషీన్, గబగబా తిరుగుతోంది.

"అక్కా, మీరు ఏది వాడతారు?"

"గదే, మిషినే" అని నవ్వింది. "చేతి ఆసు ఇప్పుడు నీ అసొంటోళ్లు వస్తెనే తీస్త."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏ పని వదిలించుకున్నందుకు వీళ్లు ఊపిరి పీల్చుకున్నారో, ఆ పనినే నేను డబ్బిచ్చి నేర్చుకోవడానికి వచ్చాను. 'ఒరిజినల్', 'ట్రెడిషనల్' అని మనం వెతుక్కుంటూ వెళ్లేది ఒక్కోసారి ఎవరిదో భుజం నొప్పి.

కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు బాగుంది. ధ్యానంలా ఉందని కూడా అనుకున్నాను, స్టేటస్‌కి క్యాప్షన్ కూడా తయారు చేసుకున్నాను. ఇరవై నిమిషాలకి మెడ పక్కన పట్టేసింది. అరగంటకి లెక్క తప్పింది. ఏ పుల్లకి ఎన్ని చుట్లు వేశానో తెలీదు. గంటకి చెయ్యి పైకి లేవడం మానేసింది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని నొక్కుకున్నాను.

ఆ పట్టుకోవడం, ఆ నొక్కుకోవడం నాకు బాగా తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో చూస్తున్నదే. వయసు మీద పడితే వచ్చే నొప్పి అనుకున్నాం మేమంతా. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు "ఎప్పటి నుంచి నొప్పి?" అంటే "ముసలితనం సార్" అని మా నాన్నే చెప్పాడు. ఆమె పక్కనే కూర్చుని ఉంది, ఏమీ అనలేదు.

అక్క వచ్చి నా ఆసు చూసింది. "ఇది పనికి రాదు చెల్లె. నువ్వు పోసిందాంట్ల పువ్వు గీస్తె, ఆకు ఒకదిక్కు కాడ ఒకదిక్కు అయితది." అని తిట్టకుండా, విసుక్కోకుండా, దారం తెగకుండా మొత్తం విప్పి మళ్లీ చుట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ టైమ్‌లో పక్క గదిలో మెషీన్ పని అయిపోయి ఖాళీగా ఆగి ఉంది. నా నేర్చుకోవడానికి ఆమె ఇచ్చింది ఆ టైమ్. ఎంత తీసుకుంటారని ఇంతకుముందు అడిగినప్పుడు 'కొంచెం ఎక్కువే' అనుకున్న ఫీజు, అప్పుడు తక్కువనిపించింది.

వచ్చేటప్పుడు పిల్లల గురించి అడిగాను. కూతురు బీటెక్. "మీరేమో ఈడికొచ్చి ఇది నేర్చుకోబడ్తిరి. మా పిల్లలేమో ఆడికొచ్చి కోడింగ్ నేర్చుకోబట్టిరి" అంది. బాధగా కాదు, నవ్వుతూనే. కూతురి గురించి చెప్పేటప్పుడు గొంతులో గర్వం కూడా ఉంది.

గాలిలో ఆసు

ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. నేను కుడి చెయ్యి ఎత్తలేక ఎడమ చేత్తో తలుపు కొట్టాను. నాయనమ్మ చూసింది. ఏం అడగకుండా బామ్ డబ్బా నా చేతిలో పెట్టింది.

వీడియో చూపించాను. అరనిమిషం చూసి ఆపమంది.

"గట్ల గుంజుతరానే? దారాన్ని చెయ్యి గుంజొద్దు. ఏళ్ల మీద జారనియ్యాలె."

"ఎలా?"

ఆమె లేచి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎదురుగా ఏమీ లేదు, కేలండర్ తప్ప. చెయ్యి ఎత్తింది. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, కొంచెం పక్కకి, మళ్లీ. పెదాలు లోపల్లోపల లెక్కపెడుతున్నాయి. మణికట్టు ఆడుతోంది గానీ మోచెయ్యి దాదాపు కదలట్లేదు. నేను గంటసేపు చేసిన దానికీ దీనికీ పోలికే లేదు. సారె దగ్గర అన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. నిమ్మళం. పదిహేను ఇరవై చుట్లు అయ్యాక భుజం పట్టేసినట్టుంది, చెయ్యి దించేసింది.

"రోజుకి రెండు చీరలకు పోసేదాన్ని. పెండ్లి గాక ముందు సంది."

లెక్క నేను పైకి అనలేదు. రోజుకి 18,000.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం? అమ్మకీ అత్తకీ కూడా నేర్పలేదేం?"

"నేర్పితె వాళ్ల చెయ్యి గూడ గిట్లనే అయితుండె."

నేను ఏదో అనబోయాను. మన కళ, మన వారసత్వం, పోతోంది, కాపాడుకోవాలి, ఇలాంటివి. నోట్లోంచి రాలేదు. ఆమెకి అది పోగొట్టుకున్న కళ కాదు, పిల్లల మీద పడకుండా ఆపిన బరువు. ఆ చెయ్యి అలా ఆగింది కాబట్టే నేను ఈ రోజు కీబోర్డ్ ముందు కూర్చుని, బోర్ కొట్టి, వర్క్‌షాప్‌కి వెళ్లగలిగాను.

కానీ ఇంకో సంగతి కూడా నిజం. గాలిలో చెయ్యి ఆడిస్తున్నప్పుడు ఆమె మొహంలో నొప్పి లేదు. ఎవరికీ రానిది తనకి వచ్చన్న నిబ్బరం ఉంది. అది నేను ఎప్పుడూ చూడలేదు. మేం అడగలేదు కాబట్టి చూడలేదు.

మరి వెళ్లాలా, వద్దా?

వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. రెండు గంటల్లో ఏ పనీ రాదు, అది ముందే ఒప్పేసుకుని వెళ్లండి. వచ్చేది ఇంకొకటి ఉంది. వస్తువు వెనక ఎంత టైమ్ ఉందో తలకి కాదు, ఒంటికి తెలుస్తుంది. ఆసు పోసిన మర్నాటి నుంచి చీర ధర దగ్గర "ఇంకో ఐదొందలు తగ్గించండి" అనడానికి నాకు నోరు రాలేదు.

నా రెండు ఆదివారాల అనుభవంతో కొన్ని మాటలు చెప్తాను.

ఒకటి, నేర్పే మనిషిని అడగండి: 'మీరు రోజూ ఇలాగే చేస్తారా? ఏ భాగానికి మెషీన్ వాడతారు? ఎందుకు?' మనకి చూపించడానికి పాతదాన్ని తీస్తే తప్పు లేదు. కానీ అది ఎందుకు మానేశారో తెలియకుండా వచ్చేస్తే మనం నేర్చుకున్నది సగమే.

రెండు, ఫీజులో నేర్పే మనిషికి ఎంత వెళ్తుందో నిర్వాహకుల్ని మొహమాటపడకుండా అడగండి. కుదిరితే ఊరికే వెళ్లి నేర్చుకోండి. ఫోటో తీసే ముందు కూడా అడగండి. అది వాళ్ల ఇల్లు, మన సెట్టింగ్ కాదు.

మూడు, కొనేటప్పుడు చూసుకోండి. పోచంపల్లి ఇకత్‌కి 2005లోనే భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. అయినా ఆ డిజైన్ ప్రింట్ కొట్టిన బట్టలు బజార్లో బోలెడు. తిరగేసి చూడండి. నిజమైన ఇకత్‌లో దారానికే రంగు ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింట్ అయితే సాధారణంగా వెనక వెలిసినట్టు ఉంటుంది. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి స్టేటస్ పెట్టేవాళ్లు ఆ ఒక్కరోజైనా ఈ పరీక్ష చెయ్యండి.

నాలుగు, మగ్గం, సారె మాత్రమే కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ బొమ్మలున్నాయి. బట్టకి చింతగింజల అంబలి, తెల్లమట్టి, జిగురు పూతలు వేసి, ఎర్రటి నేల మీద కథలు గీస్తారు. ఒకప్పుడు ఆ పటాన్ని ఒక్కో బొమ్మా విప్పుతూ ఊరూరా కథ చెప్పేవాళ్లు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల ముద్ద పెట్టి మాస్కులు చేస్తారు. చేత్తో ఏదైనా చెయ్యాలనుకునే కొత్తవాళ్లకి ఇలాంటిది ఎన్నో రెట్లు హాయి. భుజం గ్యారంటీగా బాగుంటుంది.

ఐదోది ఖర్చు లేనిది. టికెట్ కొనే ముందు మీ ఇంట్లో ఒకసారి అడగండి. అమ్మమ్మకో, తాతకో, మేనత్తకో చేత్తో ఏం వచ్చు? బుట్ట అల్లడమా, బీడీ చుట్టడమా, తాళ్లు పేనడమా, బొంత కుట్టడమా? సిగ్గుపడి చెప్పకపోవచ్చు. 'ఏముందిలే అందులో' అంటారు. రెండోసారి అడగండి. వాళ్ల నొప్పి ఎక్కడుందో అడగండి, పని అక్కడి నుంచి బయటికి రావచ్చు.

మొన్న ఫిజియోథెరపీకి తీసుకెళ్లాం. "ఎప్పటి నుంచి నొప్పి?" అని అడిగారు. ఈసారి నేను చెప్పాను. ఆసు అంటే ఏంటో ఆ అమ్మాయికి తెలీదు. నాయనమ్మ కుర్చీలోంచే చెయ్యి ఎత్తి చూపించింది. ఆ అమ్మాయి రెండుసార్లు చెయ్యమంది, ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూసింది. "ఇన్నాళ్లకు ఒక్కరు సరిగ్గ అడిగిండ్రు" అంది నాయనమ్మ బయటికొచ్చాక. నొప్పి తగ్గుతుందో లేదో చూడాలి. వారానికి రెండుసార్లు వెళ్తున్నాం.

రోజూ రాత్రి పది నిమిషాలు ఆమె చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. రంగులు ఎలా కాచేవాళ్లు, దారం తెగితే అత్త ఏమనేది, తాత మగ్గం ఎవరికి అమ్మేశాడు. ఇప్పటికి 14 అయ్యాయి. నిన్న ఫోన్ స్టోరేజ్ ఫుల్ అంది. ఏం తీసెయ్యాలా అని చూస్తే కుండ ఫోటోలే 41 ఉన్నాయి. ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాను.

అసలు కుండ కిటికీలోనే ఉంది. నాయనమ్మ అందులో సూదులూ దారపు ఉండలూ వేసుకుంటోంది. నీళ్లు పొయ్యనంత కాలం దానికేం కాదంటుంది.

వచ్చే వారం కలుద్దాం.